పురుగుమందు సీసా మీది రంగులు

నల్లరేగడి చేలలో ప్రత్తియు మిరపయు పండించు గుంటూరు, ప్రకాశము మండలముల రైతునకు పురుగుమందు క్రొత్త వస్తువు కాదు. విత్తనము మొలకెత్తినది మొదలు కడపటి కోత వఱకు అది అతని చేతిలోనే యుండును. ఇంటిలో ఉప్పుజాడీ ఎచ్చట నున్నదో ఎఱుగని పురుషుడైనను మందుడబ్బా ఏ మూల నున్నదో చెప్పగలడు. ఇంత పరిచితమైన ఈ వస్తువు మీద ప్రభుత్వమువారు అంటింపించిన చిన్న త్రికోణ మొకటి కలదు. దాని రంగును బట్టి లోపలి విషము ఎంత తీవ్రమైనదో కొనువాడు గ్రహింపవలయునని చట్టము యొక్క యుద్దేశము. ఆ రంగు నేడు ఎవరికి ఏమి చెప్పుచున్నదో విచారింపవలసిన సమయము వచ్చినది. 1968 నాటి కీటకనాశినుల చట్టమునకు బదులుగా వేఱొక చట్టమును తెచ్చుటకై 2020 మార్చిలో రాజ్యసభయందు బిల్లొకటి ప్రవేశపెట్టబడినది. 2021 డిసెంబరులో పార్లమెంటు స్థాయీసంఘము దానిపై నివేదిక నిచ్చినది. లైసెన్సులను గూర్చియు, జరిమానాలను గూర్చియు, కంపెనీల హక్కులను గూర్చియు జరిగిన చర్చలో పదవవంతైనను సీసా మీది చీటిని గూర్చి జరిగినట్లు మాకు కనబడదు.

ఈ చట్టము పుట్టుటకు కారణమైన విపత్తు చీటికి సంబంధించినదే. 1958 లో ఓడలో ఆహారపదార్థములతో బాటు ఫాలిడాల్ అను పెరాథియాన్ మందు రవాణా చేయబడినది. పీపాలు కారి విషము పిండిలోనికి దిగినది. ఆ పిండి తిన్నవారిలో కేరళ, మదరాసు రాష్ట్రములందు నూఱుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆహారమును విషమును ఒక్క కప్పు క్రింద పెట్టరాదను తెలివి ఆ ఓడలో ఎవరికిని లేకపోయెను. విచారణకై బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి షా గారి అధ్యక్షతను సంఘము నియమింపబడినది. ఇన్ని మరణముల తరువాత పదేండ్లకు, 1968 లో చట్టము వచ్చెను. మఱి మూడేండ్లకు, 1971 లో నియమములు వచ్చెను. మన దేశమున విషమును విషమని వ్రాయుటకు పదుమూడేండ్లు పట్టినదన్నమాట.

ఆ నియమముల ప్రకారము ప్రతి డబ్బా మీదను మూలమీద నిలిపిన చతురస్ర మొకటి యుండవలయును. అది అడ్డముగా రెండు త్రికోణములుగా విభజింపబడును. క్రింది త్రికోణమున రంగు, పై త్రికోణమున హెచ్చరిక మాట. చీటి వైశాల్యములో పదునాఱవ వంతునకు తక్కువ కాకుండ ఈ గుర్తు ఉండవలెను. ప్రయోగమునకు గురియైన జంతువులలో సగము చచ్చుటకు కావలసిన మోతాదు, దేహపు బరువు కిలో ఒక్కింటికి 50 మిల్లీగ్రాముల లోపున్న యెడల ఎఱుపురంగు, కపాలము, ఎముకల గుర్తు, విషమను మాట. 51 మొదలు 500 వఱకు పసుపు, ఇచ్చటను విషమను మాటయే. 501 మొదలు 5,000 వఱకు నీలము, ప్రమాదమను మాట. అంతకు మించినచో ఆకుపచ్చ, జాగ్రత్త యను మాట. చీటియు, లోపల మడచి పెట్టిన కరపత్రమును హిందీలోను, ఇంగ్లీషులోను, ఆ మందు అమ్ముడగు ప్రాంతపు భాషలు ఒకటి రెండింటిలోను అచ్చు వేయవలయునని కూడ నియమమున్నది. కావున తెలుగుసీమలో అమ్మెడి డబ్బాపై తెలుగుండుట ఎవరి దయయు కాదు, నియమమే.

ఇచ్చటనే మన భాషకు సంబంధించిన చిక్కొకటి కలదు. ఢిల్లీలో నియమములు వ్రాసినవారికి అది తట్టియుండదు. తెలుగున పచ్చ యన్నచో పసుపును కావచ్చును, ఆకుపచ్చయు కావచ్చును. పచ్చని పైరు అన్నచో ఒక రంగు, పచ్చని మేనిచాయ అన్నచో వేఱొక రంగు. పండుటాకును పచ్చదే, లేతాకును పచ్చదే. అంగడిలో నిలువబడి కౌలుదారు "ఏ గుర్తు?" అని అడుగగా "పచ్చగుర్తు" అని గుమాస్తా చెప్పినచో ఆ మాట కర్థమేమి? నాలుగు తరగతులలో రెండవ తీవ్రవిషమునకును, అన్నిటికంటె మెత్తనిదానికిని మన వ్యవహారమున ఒక్కటే పేరు చెల్లుచున్నది. పసుపుపచ్చ యని, ఆకుపచ్చ యని విడమరచి పలుకు తీరిక కొట్టు ముందు మూగిన పదిమందిలో ఎవరికుండును? అదియును గాక ఆకుపచ్చ యన్నచో పొలమునకు మేలు చేయునది, ప్రకృతికి దగ్గఱది యను భావన సహజముగా కలుగును. మందు అను మాట సంగతి చెప్పనే యక్కఱలేదు. జ్వరమునకు మందు, పైరుకు బలపుమందు, పురుగునకు మందు, సాయంకాలము సీసాలోనిదియు మందే. విషమునకు ఇంత గౌరవమైన పేరు పెట్టుకొన్న జాతికి సీసా మీది గుర్తు మఱింత స్పష్టముగ నుండుట అవసరము.

రంగుల పేళ్ళ సంగతి యట్లుండ, వర్గీకరణమే బహు స్థూలమైనది. నీలపు తరగతి 501 మొదలు 5,000 వఱకు సాగినది. 600 మిల్లీగ్రాములతో ప్రాణము తీయు పదార్థమునకును, 4,800 పట్టు పదార్థమునకును ఒక్కటే త్రికోణము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1975 లో తన వర్గీకరణమును ప్రకటించినది. 2009 లో దానిని సవరించి, ఐక్యరాజ్యసమితి 2003 లో ప్రకటించిన ప్రపంచసామాన్య పద్ధతితో పొంది యుండునట్లు చేసినది. ఆ పద్ధతియందు నోటి ద్వారా కలుగు విషప్రభావమును 5, 50, 300, 2,000, 5,000 మిల్లీగ్రాముల హద్దులతో విభజింతురు. దానిని బట్టి 250 మిల్లీగ్రాముల పదార్థము కపాలపు గుర్తును ధరింపవలసి యుండగా, మన నియమమున దానికి పసుపు త్రికోణమేగాని కపాలము లేదు. ఐరోపా దేశములు 2008 లోనే ఈ పద్ధతిని తమ శాసనముగా జేసికొనినవి. మన మిరపకాయను కొను విదేశపు వర్తకుడు కాయలో మిగిలిన మందును పరీక్షచేసి తిప్పి పంపగలడు. ఆ మందును చల్లిన కూలివానికి అట్టి యవకాశము లేదు.

మోతాదు ఒక్కటే కొలబద్ద యగుటలో మఱియొక లోపము కలదు. అది కొన్నిగంటలలో, కొన్నిదినములలో చంపు విషమును మాత్రమే కొలుచును. ఏండ్ల తరబడి దేహమున జరుగు హాని, కడుపులోని శిశువునకు కలుగు హాని, చెఱువులోని చేపకు, పూవు మీది తేనెటీగకు కలుగు హాని త్రికోణమున కనబడవు. ప్రపంచసామాన్య పద్ధతిలో వీనిలో అనేకమునకు వేర్వేఱు చిత్రములు కలవు. ఛాతీపై నక్షత్రము వంటి పగులు గల మనుష్యుని బొమ్మ దీర్ఘకాలిక హానికి గుర్తు; ఎండిన చెట్టును చచ్చిన చేపయు జలజీవులకు హానికి గుర్తు. చదువురానివానికి సైతము ఈ బొమ్మలు ఏదో చెప్పును. ఉత్త రంగు, దాని యర్థము ముందుగా ఎఱిగినవానికే గాని అన్యులకు ఏమియు చెప్పదు.

తక్షణ విషము విషయమున గూడ రంగు మోసము చేయు సందర్భమునకు పారాక్వాట్ అను కలుపుమందు నిదర్శనము. దానిది పసుపు త్రికోణము. మోనోక్రోటోఫాస్‌ది ఎఱ్ఱ త్రికోణము. రంగును నమ్మినవాడు పారాక్వాట్ ఒక మెట్టు మెత్తనిదని తలచును. కాని మోనోక్రోటోఫాస్ మ్రింగినవానికి అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ అను విరుగుళ్ళు వైద్యుని చేతిలో నుండును. సకాలమున చికిత్స జరిగినచో అనేకులు బ్రదుకుదురు. పారాక్వాట్‌కు విరుగుడే లేదు. ఊపిరితిత్తులు దినదినము గట్టిపడి, తెలివి యుండగనే రోగి మరణించును. వైద్యులు దీనిని చూచి చూచి విసిగియున్నారు. ఎలుకకు పట్టు మోతాదును బట్టి పసుపు రంగు న్యాయమే కావచ్చును. విరుగుడు లేదను మాట మాత్రము పెద్ద యక్షరములతో సీసా ముఖముననే యుండవలసినది.

విరుగుడు మాట వచ్చినది గాన వరంగల్లు సంగతి చెప్పక తప్పదు. అచ్చటి మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలలో 1997 మొదలు 2002 వఱకు పురుగుమందు విషముతో చేర్పబడినవారు 8,040 మంది యని 2005 లో వైద్యపత్రికలో ప్రకటితమైన పరిశోధనము తెలుపుచున్నది. వారిలో నూటికి ఇరువదిరెండుగురకు పైగా మరణించిరి. 2002 సంవత్సరపు వివరములను బట్టి మూడింట రెండువంతులు ముప్పదియేండ్లు నిండనివారు. నూటికి తొంబదియార్గురు బుద్ధిపూర్వకముగ త్రాగినవారు. విషము పేరు తెలిసిన మరణములలో అధికభాగమునకు రెండే రెండు మందులు కారణములు: మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. కొందఱికి తగని విరుగుడు ఇయ్యబడినట్లు కూడ ఆ పరిశోధనము వలన తేలినది.

వైద్యులను నిందించుట సులభమే. ఒక యర్ధరాత్రము ట్రాక్టరుపై రోగిని దెచ్చి "మందు త్రాగినాడు" అని మాత్రమే బంధువులు చెప్పుదురు. డబ్బా ఇంటివద్దనే పడియుండును. లేదా పోలీసు భయముచేత బావిలో పారవేయబడియుండును. మోనోక్రోటోఫాస్ సేంద్రియ భాస్వరపు జాతి, దానికి అట్రోపిన్ కావలెను. ఎండోసల్ఫాన్ క్లోరిన్ జాతి, దానికి అట్రోపిన్ విరుగుడు కాదు, మూర్ఛలను అణచు చికిత్స కావలెను. పైరెత్రాయిడ్ల తీరు వేఱొకటి. ఇవన్నియు కరపత్రమున వ్రాసియే యుండును. ఆ కరపత్రము డబ్బా విప్పినవెంటనే గట్టుమీద గాలికి పోవును. ఆపదలో అక్కఱకు రావలసిన యక్షరములు ఆపదకు నెలరోజులు ముందే చెత్తయగుచున్నవి. మందు జాతిని, విరుగుడు పేరును డబ్బాకే విడదీయరాని రీతిగ, తెలుగున, కంటికానునంత పెద్దవిగా ముద్రించినచో కొన్ని ప్రాణములైన నిలుచును.

చావదలచినవానిని చీటి యాపునా యని కొందఱు పరిహసింతురు. చీటి యాపదు, వర్గీకరణము ఆపును. సింహళమునందు అట్లే జరిగినది. 1995 లో ఆ ప్రభుత్వము ప్రపంచ ఆరోగ్యసంస్థ మొదటి తరగతిలో నిలిపిన మందులను దేశమునకు రానీయలేదు. 1998 లో ఎండోసల్ఫాన్‌ను నిషేధించినది. 1995 లో లక్షకు నలుబదియేడు చొప్పున నున్న ఆత్మహత్యలు 2005 నాటికి ఇరువదినాలుగునకు దిగినవి. మనుష్యుల దుఃఖములు తగ్గినందున గాదు. క్షణికావేశమున చేతికందిన సీసాలో తిరిగి బ్రదుకుటకు వీలున్న విషము ఉండుటచేత. మన దేశమున మెథిల్ పెరాథియాన్ 2018 లోను, ఫోరేటు, ట్రైజోఫాస్ 2020 సంవత్సరాంతముతోను తొలగింపబడినవి. ఎండోసల్ఫాన్‌ను 2011 లో సుప్రీముకోర్టు ఆపినది. మోనోక్రోటోఫాస్ 36 శాతపు ద్రవము 2023 లో నిషేధింపబడి, ఉన్న నిల్వలు చెల్లించుకొనుటకు గడువీయబడినది. అంతకు పదేండ్లు ముందు, 2013 లో, బీహారునందలి గండామన్ గ్రామపు పాఠశాలలో మధ్యాహ్నభోజనము తిని ఇరువదిముగ్గురు బాలబాలికలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలసినట్లు పరీక్షలో తేలినది. వంటింటికిని మందులకొట్టమునకును నడుమ గోడ లేనప్పుడు త్రికోణము ఏమి చేయగలదు?

రాష్ట్ర ప్రభుత్వములకు ఈ విషయమున అధికారము అల్పము. చట్టపు 27వ సెక్షను క్రింద ఒక మందు అమ్మకమును అరువది దినములు ఆపవచ్చును. మఱి ముప్పది దినములు పొడిగింపవచ్చును. పంటకాలము అంతకంటె పొడవైనది.

చీటిని చదువువాడెవడను ప్రశ్న ఇంకను మిగిలియున్నది. మా పాఠకులలో భూస్వాములు పలువురు కలరు, వారు చదువగలరు. కాని మందు కొట్టునది వారు గారు. భూమి కౌలుదారుది, అంగడి అరువు కౌలుదారు పేరున, వీపున యంత్రము కూలివానిది, డ్రమ్ములో నీళ్ళు పోసి చిక్కని మందు కలుపునది పెక్కుచోట్ల స్త్రీ. ఆంధ్రప్రదేశ్ ప్రత్తి గ్రామములలో 2003 ప్రాంతమున జరిగి 2005 లో ప్రకటింపబడిన పరిశోధన మొకటి ఈ సంగతినే చూపినది. స్త్రీలు తమ శరీరముల లక్షణములను, తమ పురుషుల లక్షణములను తామే గుర్తించి వ్రాయించిరి. యంత్రము మోయనందున వారికి ప్రమాదము లేదనుకొనుట భ్రమ యని తేలినది. నీరు కలిసిన తుంపర కంటె నీరు కలియని ద్రవము అపాయకరము గదా! చేతికి తొడుగు ధరింపవలెనని కరపత్రము చెప్పును. మే నెల యెండ సంగతి తెలిసినవారెవ్వరును, రబ్బరు తొడుగును, మూతికి ముసుగును, మోకాలి వఱకు బూట్లును ధరించి మిరపచేలో పూటపని చేయుమని కూలివానిని కోరజాలరు. ఉష్ణదేశమున ధరింప వీలుకాని రక్షణోపకరణములను నమ్మి తీవ్రవిషములను అనుమతించుట కాగితము మీది భద్రతయే.

మన చేలకు పూర్వానుభవము లేదా యన్నచో కలదు. 1980 తరువాతి సంవత్సరములలో పైరెత్రాయిడ్లు వచ్చినప్పుడు ప్రత్తిరైతు వానిని అమృతమనుకొనెను. 1987 నాటికి శనగపచ్చపురుగు వానికి లొంగుట మానెను, తెల్లదోమ విరుచుకొనిపడెను, గుంటూరు, ప్రకాశము జిల్లాలలో అప్పులపాలైన రైతులెందఱో ఆ మందునే త్రాగి ప్రాణములు విడిచిరి. మరల 2021-22 లో నల్లతామరపురుగు మిరపతోటలను దగ్ధము చేసినప్పుడు, చేతికందిన మందెల్ల కలిపి కొట్టినవారు కలరు. ఒక్కొక్క సీసాకు ఒక్కొక్క త్రికోణము కలదు. నాలుగు సీసాలు పోసిన డ్రమ్మునకు ఏ త్రికోణము? లాం పరిశోధనాక్షేత్రమువారు ఏ మందుతో ఏది కలుపరాదో ఎంత చెప్పినను, ఆ మాట కంటె అంగడివాని మాటయే ముందు చేరును. అంగడివానికి చదువు ఉండవలెనని నియమములలో చేర్చిరి. హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003 నుండి వర్తకులకు డిప్లొమా శిక్షణ నిచ్చుచున్నది. మంచిదే. ఐనను అమ్మినంతకు లాభము పొందువానిని అమ్మవలదని చెప్పు సలహాదారుగా జేయుటలోని యసంగతము శిక్షణవలన తీరదు.

త్రికోణమున్న సీసాల కథ ఇట్లుండగా, త్రికోణమే లేని సీసాలు మఱియు భయంకరములు. బయోమందులను పేరుతో మన జిల్లాలలో చెల్లు సరకులలో కొన్నిట రసాయనిక విషములు కలిసియుండుట వ్యవసాయశాఖవారికిని, రైతులకును తెలిసిన రహస్యమే. అవి పైరుకు బలమిచ్చునవిగా చెప్పబడును గాన కీటకనాశినుల చట్టము క్రిందికి రావు. పైన ఆకుల బొమ్మ, లోపల పేరులేని విషము. అట్టిదానిని త్రాగిన రోగికి ఏ వైద్యుడు ఏ విరుగుడు ఇయ్యగలడు? 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము బయోస్టిములెంట్లను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రిందికి దెచ్చి కొంత అదుపు కల్పించినది. ఎరువుగా నమోదైన సీసాలో పురుగుమందు కలిసియున్నదో లేదో పరీక్షించుటకు ప్రయోగశాలలు, సిబ్బంది చాలినంత లేనిచో ఉత్తర్వు ఉత్తర్వుగనే యుండును.

క్రొత్త చట్టమునకై కాచుకొని కూర్చుండ నక్కఱలేని పని యొకటి కలదు. ఇప్పటి చట్టపు 3వ సెక్షను ప్రకారము, చీటి మీది హెచ్చరిక సామాన్యుడు కొనునప్పుడును వాడునప్పుడును చదివి గ్రహింపగల రీతిగ స్పష్టముగ లేకపోయినచో ఆ సరకు తప్పుచీటి గల సరకే యగును. అమ్మినవానికి శిక్ష కలదు. ఇది 1968 నుండియు ఉన్నమాట. నూఱు మిల్లీలీటర్ల సీసా చుట్టు మూడుభాషలను చీమలబారు వలె కుక్కి, తెలుగును అడుగున నుంచిన చీటి ఈ సెక్షను క్రిందికి రాదా? మందులో సత్తువ యున్నదా లేదా యని నమూనాలు తీయు ఇన్‌స్పెక్టర్లు, అక్షరముల సైజును గూర్చి కేసు పెట్టిన సంగతి మేము వినియుండలేదు. ఫరీదాబాదునందలి రిజిస్ట్రేషను కమిటీవారు ప్రతిచీటిని ఆమోదింతురు గాన, చిన్న సీసాల విషయమున తెలుగు అక్షరమునకు కనీసపు కొలతను నిర్ణయించుట వారి కలముతో ముగియు పని. పసుపు త్రికోణమునకు కపాలపు గుర్తును చేర్చుటయు, విరుగుడు లేని మందులకు ఆ మాటను ముఖముననే వ్రాయించుటయు నియమముల సవరణతో సాగును. చట్టమునకై పార్లమెంటు సమయము చూడనక్కఱలేదు.

భూస్వాములకు ఒక మనవి. కౌలు వ్రాయించుకొనునప్పుడు శిస్తునకు, పంటభాగమునకు ఇన్ని షరతులు వ్రాయుదురు గదా. పొలమునందలి కొట్టమునకు తాళము వేయగల చెక్కపెట్టె యొకటి చేయించి యిచ్చుటకు ఒక మిరపబస్తా వెల చాలును. డబ్బాతో వచ్చిన కరపత్రమును ఆ పెట్టె మూతకు లోపలివైపున మేకుతో కొట్టి యుంచినచో, రాత్రి రోగిని బండి ఎక్కించువాడు దానిని చించుకొని వైద్యశాలకు పోవచ్చును. ఖాళీ డబ్బాలను కడిగి నీళ్ళకు వాడు ఇండ్లు మన గ్రామములలో ఇంకను కలవు. వానికి చిల్లులు పొడిచి యియ్యుడని పాలేరునకు చెప్పుట ఒక్కమాట పని. మిరప నారుమళ్ళు పోయు దినములు దగ్గఱపడకముందే ఈ పెట్టెలు చేయింపవలసియున్నది.